కుప్పలు పోసి అమ్మే చేప అంతరించిపోతోందా?

జూరాల డ్యాం మీదుగా గద్వాల పోయేవాళ్ళు అక్కడ బండి ఆపకుండా దాటడం కష్టం. రోడ్డు పక్కన వరసగా దుకాణాలు, కడాయిల్లో సలసల కాగే నూనె, ఉప్పూ కారం పట్టించి పళ్ళేల్లో పేర్చిన చేప ముక్కలు. పోయిన నెల అక్కడ ప్లేటు చేతిలో పట్టుకుని అడిగాను: "అక్కా, ఇదంతా ఈడి చేపేనా?"

"మరి ఏడిదనుకున్నవ్ సారూ? గిన్ని నీళ్ళున్నయ్, చేపకేం కరువు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ వారమంతా నేను చదువుతున్నది సరిగ్గా దీనికి తలకిందులైన కథ. బుట్టల కొద్దీ పడుతున్న, కుప్పలు పోసి అమ్ముతున్న ఒక చేపను ప్రపంచమంతా 'అంతరించే ప్రమాదంలో ఉంది' అని రాసుకున్న కథ. దాని పేరు తవిలిస్. ఫిలిప్పీన్స్ దేశంలో, రాజధాని మనీలాకు దక్షిణాన బతంగాస్ ప్రాంతంలో తాల్ అనే సరస్సు ఉంది. తవిలిస్ ఉండేది ఆ ఒక్క సరస్సులోనే. భూమ్మీద ఇంకెక్కడా లేదు.

చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. బెత్తెడు పొడవు, వెండి రంగు ఒళ్ళు, పొట్ట కింద గరుగ్గా రంపం పళ్ళలాంటి పొలుసులు. విశాఖ దిక్కు కవళ్ళు అంటారు చూడండి, ఆ సార్డిన్ కుటుంబంలోది. విచిత్రం ఏమిటంటే కవళ్ళన్నీ ఉప్పునీటి చేపలు. ఆ జాతి మొత్తంలో పుట్టుక నుంచి చావు దాకా మంచినీళ్ళలోనే గడిపేది తవిలిస్ ఒక్కటే. అక్కడివాళ్ళకు అది మనకు పరకలు ఎట్లాగో అట్లా. వేపుకుంటారు, ఎండబెడతారు, పొగబెడతారు. పేదింటి కూర, పర్యాటకుల హోటల్లో ప్రత్యేక వంటకం, రెండూ అదే. 2019 జనవరిలో ఐయూసీఎన్, అంటే ప్రపంచంలోని జీవజాతుల స్థితిగతులను లెక్కగట్టి రెడ్ లిస్ట్ ప్రకటించే సంస్థ, దాన్ని 'ఎండేంజర్డ్' వర్గంలో చేర్చిందన్న వార్త బయటికొచ్చింది.

మార్కెట్లో కుప్పలు. పుస్తకంలో ప్రమాదం. రెండూ ఒకేసారి నిజం ఎట్లా అవుతాయన్నదే ఇక్కడి చిక్కుముడి.

ముందు సముద్రపు చేప సరస్సులోకి ఎట్లా వచ్చిందో చూద్దాం. తాల్ సరస్సు మామూలు సరస్సు కాదు, అగ్నిపర్వతం పేలి కూలిన గుంత. దాని నడుమ దీవి, ఆ దీవిలో ఇప్పటికీ పొగలు కక్కే అగ్నిపర్వతం. ఒకప్పుడు ఈ నీళ్ళు సముద్రంతో నేరుగా కలిసి ఉండేవి. ఓడలు లోపలిదాకా వచ్చేవి. 1754లో అగ్నిపర్వతం ఆరు నెలలకు పైగా రగిలింది. బూడిదా రాళ్ళూ పడి సముద్రానికి ఉన్న వెడల్పాటి దారి పూడింది. మిగిలింది పాన్సిపిట్ అనే సన్నటి ఏరు మాత్రమే. లోపలి ఉప్పునీళ్ళు తరాల తరబడి వానలతో పలచబడి పలచబడి మంచినీళ్ళయ్యాయి. ఇప్పుడు సరస్సు విస్తీర్ణం 234 చదరపు కిలోమీటర్ల చిల్లర. మన నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు ఉండే విస్తీర్ణం కంటే కాస్త తక్కువ.

లోపల చిక్కుకున్న జీవాల్లో తట్టుకోలేనివి పోయాయి, తట్టుకున్నవి ఉండిపోయాయి. తవిలిస్‌తో పాటు ఒక సముద్ర పాము కూడా అక్కడే ఉంది. అదీ ఆ సరస్సును విడిచి ఇంకెక్కడా కనిపించదు. ఒకప్పుడు సొరచేపలు కూడా ఆ ఏటి గుండా లోపలికి వచ్చి తిరిగేవి, వాటిని వేటాడి వేటాడి ఖాళీ చేశారు.

'1754లో తలుపు మూసుకుంది, లోపల మిగిలిన కవళ్ళే కొత్త జాతి అయ్యాయి' అని ఈ కథను ఇక్కడితో ముగిస్తే వినడానికి బాగుంటుంది. చాలామంది అట్లాగే చెబుతారు కూడా. కానీ 2014లో అచ్చయిన జన్యు పరిశోధన ఈ కథకు ఒక మెలిక పెట్టింది. తవిలిస్‌కు అతి దగ్గరి చుట్టం తైవాన్ దిక్కు సముద్రంలో తిరిగే మరో సార్డిన్ అని తేలింది. ఆ రెండూ విడిపోయింది రెండున్నర వందల ఏళ్ళ కింద కాదు, మంచుయుగాల కాలంలో. అంటే 1754 తలుపు మూసిందే తప్ప ఇల్లు విడదీసింది అది కాదు. కొత్త జాతి పుట్టాలంటే రెండు కావాలి: వేరుపడటం, చాలా కాలం. రెండోదాన్ని మనం ఎప్పుడూ తక్కువ లెక్క వేస్తాం.

మా దిక్కు నుంచి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తెలంగాణలో 46 వేల పైచిలుకు చెరువులున్నాయి. నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది, ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. ఇంత పాత చెరువులో దానికంటూ ఒక సొంత చేప ఎందుకు పుట్టలేదు? ఎందుకంటే మన చెరువులు ఒంటరివి కావు. గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళతో పాటు చేప కూడా కింది చెరువులోకి వస్తుంది. వాన పడ్డ రాత్రి కాలువల్లో, వరిమడుల్లో ఎదురెక్కే చేపను తువ్వాలతో పట్టినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా మూడేళ్ళకో నాలుగేళ్ళకో కరువొచ్చి చెరువు నెర్రెలు బారుతుంది. అందులో ఉన్నదంతా పోయి మళ్ళీ కొత్తగా మొదలు. వేరుపడటమూ లేదు, కాలమూ లేదు. ఉదయసముద్రంలోకైతే ఇప్పుడు సాగర్ వెనుక నీళ్ళనే ఎత్తిపోస్తున్నారు. అంటే అది చెరువే కాని, చేప లెక్కన కృష్ణకు ఒక కొమ్మ.

కాబట్టి 'ఒక్క చెరువు చేప' అనేది మనకు అలవాటు లేని ఊహ. అందుకే జూరాల అక్క అన్న మాట మనందరి మాట. నీళ్ళుంటే చేప ఉంటుంది, ఈ ఏడు పోతే వచ్చే ఏడు వస్తుంది. ఎక్కడి నుంచి? పైనుంచి. కింది నుంచి. తవిలిస్‌కు ఆ పైనా లేదు, ఆ కిందా లేదు.

ఇక 'అంతరించే ప్రమాదం' అన్న మాట సంగతి. దీన్ని వినగానే మన మనసులో నాలుగైదు చేపలు మిగిలిన చిత్రం మెదులుతుంది. పులులను లెక్కబెట్టినట్టు. రెడ్ లిస్ట్ లెక్క అట్లా నడవదు. అందులో వేరువేరు కొలమానాలు ఉంటాయి, ఒక్కదానికి తూగినా చాలు. తలలు లెక్కబెట్టే కొలమానమూ ఉంది. పిల్లలను కనే వయసున్న జీవాలు 250 కంటే తక్కువ మిగిలితే 'ఎండేంజర్డ్'. తవిలిస్‌కు ఆ గొడవ లేదు, ఒక్క వలలోనే అంతకంటే ఎక్కువ పడతాయి.

దానికి తగిలినవి వేరే. ఒకటి, తగ్గే వేగం. పదేళ్ళలో గాని మూడు తరాల్లో గాని, ఏది ఎక్కువైతే అంత కాలంలో, సంఖ్య సగానికి పడిపోతే అది ఈ వర్గంలోకి వస్తుంది. కోటి ఉండి అర కోటి అయినా అంతే, వెయ్యి ఉండి అయిదు వందలైనా అంతే. తవిలిస్ పట్టుబడి 1998 తర్వాత పదమూడేళ్ళలో దాదాపు సగానికి దిగింది. ఇంకొకటి, ఉండే చోటు. అది నివసించే విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్లలోపు ఉండి, ఆ చోటు నానాటికీ పాడవుతుంటే ప్రమాదమే. సరస్సు మొత్తం కలిపినా అందులో సగం లేదు.

ఇక్కడే ఇంకో మెలిక. 'చోటు' అంటే వాళ్ళ లెక్కలో మ్యాపు మీద చుక్క కాదు. ఒకే దెబ్బకు మొత్తం తగిలే ప్రాంతం ఎంతైతే అంతా ఒకే చోటు. తాల్ నడుమ అగ్నిపర్వతం ఉంది కదా, 2020 జనవరి 12న అది మళ్ళీ పేలింది. దీవి బూడిదయింది, చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ జాతి మొత్తం ఆ ఒక్క పేలుడు అంచునే ఉంది. పాలమూరు భాషలో చెప్పాలంటే, ఒక్క బోరు మీద బతికే పొలం. ఈ రోజు దాంట్లో రెండించుల నీళ్ళు పోస్తుండొచ్చు. ఆ రెండించులు చూసి ఆ రైతుకు బ్యాంకు నిశ్చింతగా అప్పిస్తుందా?

సరే, సగానికి తగ్గిందన్నారు, మరి బజార్లో కుప్పలెక్కడివి? నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. దీనికి జవాబు మన ఎండాకాలపు చెరువులోనే ఉంది.

ఏప్రిల్, మే నెలల్లో ఊరి చెరువును గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు వెనక్కి వెనక్కి పోతుంటాయి. కట్ట దగ్గర, తూము ముందు ఒక గుంట మిగులుతుంది. ఆ రోజుల్లోనే చేప బాగా పడుతుంది. వానాకాలం నిండు చెరువులో పొద్దంతా వల విసిరితే పడని చేప, మే నెలలో గంటలో పడుతుంది. ఆఖరికి ఊరంతా దిగి బురదలో చేతులతోనే పట్టేస్తారు, ఇంటింటికీ కూర. చెరువులో చేప ఆఖరవుతున్న రోజు, ఊళ్ళో చేప అత్యంత ఎక్కువగా కనిపించే రోజు. బజారును చూసి నీళ్ళ సంగతి చెప్పేవాడు ఆ రోజు 'ఈ ఏడు చేప బ్రహ్మాండం' అనే అంటాడు.

గుంపుగా తిరిగే చేపల విషయంలో, తవిలిస్ అట్లాంటిదే, నీళ్ళు తగ్గకపోయినా ఇదే జరుగుతుంది. వెయ్యి గుంపులు వంద గుంపులైనా ఒక్కో గుంపు మాత్రం గట్టిగానే ఉంటుంది. దాన్ని వెతికి పట్టే మోటారు పడవ, రాత్రి వెలుతురుకు చేపను రప్పించే దీపాలు, గుంపు చుట్టూ తిప్పి అడుగు బిగించే రింగు వల ఉంటే చాలు, బుట్ట నిండుతుంది. ముందు అయిదు గంటల్లో నిండేది ఇప్పుడు ఎనిమిది గంటల్లో నిండుతుంది. నూనె ఖర్చు ఎక్కువవుతుంది. ఆ తేడా పట్టేవాడికి తెలుస్తుంది, కొనేవాడికి తెలియదు. నిండా తగ్గాక ఒక రోజు బుట్ట నిండదు, అప్పుడు అందరికీ ఒకేసారి తెలుస్తుంది. అందుకే చేపల శాస్త్రం చదివినవాళ్ళు 'ఎంత పట్టారు' అని మాత్రమే అడగరు. 'ఎంతసేపట్లో, ఏ వలతో, ఎన్ని పడవలతో' అని అడుగుతారు.

వలల సంగతి వచ్చింది కనుక. తాల్‌లో నిషేధించిన మోటారు తోపుడు వలలు, రింగు వలల గురించి చదువుతుంటే నాకు మన అలివి వల కళ్ళ ముందు కదిలింది. శ్రీశైలం వెనుక నీళ్ళలో సోమశిల దిక్కున, సాగర్ వెనుక చందంపేట దిక్కున దీని పేరు ఎత్తితే ఇప్పటికీ గొడవే. దోమతెరలాగా సన్నటి కన్ను. ఒడ్డు నుంచి ఒడ్డుకు తిప్పి లాగితే వేలెడు పిల్లా, గుడ్డు మీదున్న తల్లీ అన్నీ ఒక్కసారే బయటికి. అమ్ముడయ్యే చేప ఏరుకుంటారు, మిగతాది ఇసుక మీద ఎండేసి ఎండు చేపల లెక్కన, కోళ్ళ దాణా లెక్కన పోతుంది. అది నిషేధమని అందరికీ తెలుసు. తీరప్రాంతం నుంచి వలస వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళూ, స్థానిక సంఘాలవాళ్ళూ ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పెట్టుకుంటారు. నా మటుకు నాకు, వల లాగే కూలివాడి మీద కేసు పెట్టి ఆ వలకు పెట్టుబడి పెట్టినవాణ్ణి వదిలేయడం వల్ల ఇది తెగడం లేదనిపిస్తుంది. తాల్ అయినా చందంపేట అయినా సన్న కన్ను వల కొనేంత డబ్బు, దాన్ని లాగేవాడి దగ్గర ఉండదు.

వల ఒక్కటే అయితే ఆపొచ్చు. ఆపారు కూడా. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో తాల్‌లో తవిలిస్ వేట మూస్తారు, గుడ్లు పెట్టే కాలం అది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట ఆపినట్టే. కానీ తాల్‌లో చేప మీద పడింది వల ఒక్కటే కాదు.

సరస్సు నిండా పంజరాలు. వెదురు చట్రాలకు వలలు వేలాడదీసి లోపల చేపను పెంచుతారు. పెంచేది మనం జిలేబి అని పిలుచుకునే తిలాపియా, మరికొంత పాలచేప. మన దగ్గర జిలేబి ఎప్పటి నుంచో ఉన్నట్టు అనిపిస్తుంది కాని అది 1952లో దేశంలోకి తెచ్చిన ఆఫ్రికా చేప. ఇప్పుడు అది లేని చెరువు చూపించడం కష్టం. ఫిలిప్పీన్స్‌కూ అట్లాగే బయటి నుంచి వచ్చింది. పంజరాల చేపకు రోజూ దాణా వేస్తారు. తిన్నది తినగా మిగిలింది కిందికి పోతుంది, చేప విసర్జించేదీ కిందికే. అడుగున అది కుళ్ళుతూ నీళ్ళలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. పైన నీళ్ళు బాగానే కనిపిస్తాయి. గాలి మారి, పై నీళ్ళు చల్లబడి బరువెక్కి కిందికి దిగిన రోజు, అడుగు నీళ్ళు పైకి తిరగబడతాయి. తెల్లారేసరికి టన్నుల కొద్దీ చేప వెల్లకిలా తేలుతుంది. 2011 మేలో తాల్‌లో అదే జరిగింది.

దీనికి చిన్న రూపం మన ఊళ్ళలో ఎప్పుడూ చూసేదే. మబ్బు పట్టిన రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున చెరువుకు పోతే చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తుంటాయి. ఎవరో మందు కలిపారని ఊళ్ళో గొడవ మొదలవుతుంది. ఒక్కోసారి నిజంగా కలిపే ఉంటారు. చాలాసార్లు మాత్రం పాపం ఎవరిదీ కాదు. పచ్చగా పట్టిన నాచు రాత్రి పూట గాలి పీల్చుకోవడం ఎక్కువై, ఎండ లేక పగలు గాలి వదలడం తక్కువై, సూర్యోదయానికి ముందు నీళ్ళు ఉత్తవైపోతాయి. మా చిన్నప్పుడు చెరువు గుత్త పట్టినాయన తెల్లారకముందే అయిదారుగురిని దింపి కట్టెలతో నీళ్ళు కొట్టించడం చూశాను. మేం ఆట అనుకున్నాం. ఆయన చెరువుకు ఊపిరి పోస్తున్నాడు.

పంజరాల చేప చస్తే యజమాని మునుగుతాడు, నిజమే. కాని ఆర్నెల్లలో కొత్త పిల్ల తెచ్చి వేస్తాడు. జిలేబి పిల్ల ఎక్కడైనా దొరుకుతుంది. అదే నీళ్ళలో, అదే రోజు చచ్చిన తవిలిస్‌కు పిల్ల తెచ్చే హేచరీ లేదు. నష్టం ఒక్కటే అయినా ఖాతాలు వేరు. ఒకదానికి ధర ఉంది కనుక లెక్క ఉంది, రెండోదానికి లెక్క లేదు. దీనికి తోడు పంజరాల నుంచి తప్పించుకున్నవీ, అక్వేరియంల కోసం తెచ్చి వదిలినవీ సరస్సులో స్థిరపడ్డాయి. వాటిలో మచ్చల చిరుతలాంటి ఒక మధ్య అమెరికా చేప ఉంది, చిన్న చేపలను ఏరుకుని తింటుంది. మన కాలువల్లో, చెరువుల్లో గట్టి పెంకుతో వలలు చింపుతున్న దెయ్యం చేప కూడా ఇట్లా ఎవరో గాజుపెట్టెలోంచి ఒలకబోసిందే.

ఇంతా విన్నాక నాతో మాట్లాడిన ప్రతివాళ్ళూ ఒకే మాట అడిగారు: 'నాలుగు బిందెలు పట్టుకుపోయి ఇంకో చెరువులో వేస్తే అయిపాయె కదా?' మంచి ప్రశ్న. రెండు అడ్డంకులు. కవళ్ళ జాతి చేప చాలా సుకుమారం. చేతిలోకి తీస్తే పొలుసు రాలుతుంది, రాలితే బతకదు. కొర్రమట్టలాగా తడి గుడ్డలో చుట్టి బస్సులో తెచ్చే సరుకు కాదు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేప మందు కోసం బతికున్న కొర్రమట్ట పిల్లలు సంచుల్లో వేలకు వేలు వస్తాయి. ఆ ఓపిక అన్ని చేపలకూ ఉంటుందనుకోవడం మన పొరపాటు.

రెండో అడ్డంకి పెద్దది. మంచి చేద్దామని ఒక నీటిలోని చేపను ఇంకో నీటిలో వేసిన కథల్లో చాలావాటి ముగింపు ఒకటే. అదే ఫిలిప్పీన్స్‌లో లనావ్ అనే మరో సరస్సు ఉంది. దాంట్లో, దాని నుంచి పారే ఏట్లో మాత్రమే ఉండే చేపలు 17 రకాలు. బయటి చేపలు వచ్చి చేరాయి, వేట మితిమీరింది. 2020 డిసెంబర్‌లో రెడ్ లిస్ట్ కొత్త లెక్క వచ్చినప్పుడు ఆ పదిహేడులో 15 పూర్తిగా అంతరించాయని ప్రకటించారు. మిగతా రెండూ బహుశా పోయాయనే రాశారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950ల్లో నైలు పెర్చ్ అనే పెద్ద చేపను దింపితే, ఆ సరస్సులో తప్ప ఎక్కడా లేని చిన్న చేపలు వందల రకాలు కనుమరుగయ్యాయి. నైలు పెర్చ్ మాత్రం విదేశాలకు ఎగుమతి అయింది. టన్నుల లెక్కన చూస్తే విక్టోరియాలో చేప పెరిగింది. రకాల లెక్కన చూస్తే ఊడ్చుకుపోయింది. ఏ లెక్క రాసుకుంటే ఆ లెక్కే నిజంలాగా కనిపిస్తుంది.

మనం రాసుకునేది టన్నుల లెక్క. 2016 నుంచి రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇచ్చారు. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్ళుండే రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. బొచ్చ, రవ్వ, మృగాల, బంగారుతీగ. మత్స్యకారుల ఇళ్ళలో దీనివల్ల నాలుగు రాళ్ళు మిగిలాయి, దాన్ని నేను తక్కువ చేయను. పిల్ల సగం చచ్చి వచ్చిందనీ, లెక్కలో తక్కువ వేశారనీ సొసైటీల్లో వినిపించే మాట వేరే సంగతి. నేనంటున్నది ఇంతే. ఆ నాలుగు రకాలకూ రిజిస్టరు ఉంది, మిగతావాటికి లేదు. కృష్ణలో సిలోనియా చిల్డ్రేని అనే పెద్ద జెల్లజాతి చేప ఉంది. దక్కను నదుల్లో తప్ప ఎక్కడా ఉండదు. అదీ తవిలిస్ పక్కనే, అదే 'ఎండేంజర్డ్' వర్గంలో ఉంది. డ్యాం వెనుక డ్యాం కట్టిన నదిలో ఎదురీదే చేపకు దారి మిగలలేదు. దాని గురించి మా దిక్కున ఒక్క ముక్క చర్చ నేను వినలేదు. ఒక్క సరస్సు చేప పోతే కనీసం ఫలానా చోట పోయిందని తెలుస్తుంది. నది చేప ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒక డ్యాం వెనుక ఈ ఏడు, ఇంకో మడుగులో పదేళ్ళ తర్వాత. ఎవరికీ తమ దగ్గర పోయినట్టు ఉండదు, 'కింద ఉంటయ్ తియ్' అనుకుంటారు.

జూరాల నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం మా ఊరి అంగట్లో అర కిలో పరకలు కొన్నాను. పెద్ద చేపల బుట్టల వెనుక, తట్టలో తడి గోనె కింద ఉంటాయి. వలలో పడ్డ చిల్లర చేపంతా కలిపి పరకలే, ధరా ఒకటే. ఇంటికి తెచ్చి కడగకముందు పేపరు పరిచి రకాలుగా విడదీశాను. చారలున్నది, తోక దగ్గర నల్ల చుక్క ఉన్నది, అద్దంలాగా లోపలి ముల్లు కనిపించేది, మీసాలున్నది, మూతి కిందికి తిరిగింది. తొమ్మిది కుప్పలయ్యాయి. నాకు పేర్లు వచ్చినవి మూడు. మా ఆవిడ చింతపండు నానబెట్టి ఎదురుచూస్తోంది, నేను ఫోన్లో ఫొటోలు తీస్తున్నాను.

ఆ ఫొటోలు మరుసటి వారం చెరువు కట్ట మీద ఉండే ముసలాయనకు చూపించాను. ఆయన పుట్టి వేసి అరవై ఏళ్ళు. కళ్ళకు ఆనక ఫోను దూరంగా జరిపి చూశాడు. ఆరింటికి పేర్లు గడగడా చెప్పాడు. ఏడోదానికి కాసేపు ఆగి చెప్పాడు. ఎనిమిదోది కొత్తదన్నాడు, ఈ నడుమనే పడుతోందట.

"కాకా, ఇది?" తొమ్మిదోది చూపించాను. అది ఆ తట్టలో ఒక్కటే ఒక్కటి వచ్చింది.

"దీని పేరు మా నాయన అంటుండె." ఆయన నీళ్ళ దిక్కు చూశాడు. "నోట్ల ఉన్నది బిడ్డా, వస్తలేదు. ఏడ దొరికింది నీకు?"

"అంగట్ల. వండుకున్నం."